గున్నయ్య గంటకి పోటీ వచ్చిన మిల్లు కూత

పలాసకి రైలొచ్చిన కొత్తల్లో తపాలా సంచీ మోసిన గున్నయ్యకి ఆస్తి లేదు గానీ గర్వం మాత్రం గంపెడు ఉండేది. మందస నుంచి వచ్చే సంచీని సగం దారిలో మరో రన్నరు దగ్గర అందుకుని, గంటలు కట్టిన బల్లెం ఊపుకుంటూ, కాశీబుగ్గ మీదుగా పరుగున స్టేషనుకి చేర్చడం అతని పని. వానైనా ఎండైనా వేళ తప్పేవాడు కాడు. ఆ గంట విన్నాకే ఆడవాళ్ళు మధ్యాహ్నపు ఎసరు పెట్టేవారు. "గున్నయ్య ఎల్లిపోనాడు, ఇంకా బియ్యం కడగలేదేటే?" అని అత్తలు కోడళ్ళని కసురుతుంటే అతనికి దండ వేసినంత సంబరం.

అలాంటివాడి నెత్తిన మిల్లు పడింది. స్టేషను పక్కన ఓ షావుకారు ఆవిరితో నడిచే బియ్యం మిల్లు పెట్టాడు. కూలీలకి తిండివేళ తెలియాలని మధ్యాహ్నం ఓ కూత. గాలి వాటంగా ఉంటే ఉద్దానం తోటల దాకా వినిపించేది. ఆ కూత తీగ లాగే పని ఎవరికి దక్కింది? స్వయానా గున్నయ్య బావమరిది అప్పలసూరికి!

తను ఇసకలో అరికాళ్ళు కాల్చుకుంటూ వస్తుంటే, వాడు ముక్కాలిపీట మీద కూర్చుని ఒంటిచేత్తో తీగ లాగుతాడు. ఆవిరి షావుకారుది, గొప్ప వీడిది. అత్త సొమ్ము అల్లుడు దానం! అయినా ఊరంతా ఆ కూత వినే ఎసరు పెట్టడం మొదలెట్టింది. గున్నయ్యకి కడుపు కుతకుత ఉడికిపోయింది.

"నీ తమ్ముడు తీగ లాగితే గానీ మనింట్లో కుండ ఎక్కదేటి?" అన్నాడు పెళ్ళాం దాలమ్మతో.

"అందరితోటి పాటే కదా మావా. దానికేటి అంత కోపం?" అందామె.

అసూయ ముదిరితే మనిషి దేవుణ్ణి కూడా కూలికి పెట్టుకుంటాడు. బాయిలరు పగిలితే కోడినిస్తానని గున్నయ్య గ్రామదేవతకి మొక్కుకున్నాడు. అప్పలసూరికి మాత్రం దెబ్బ తగలకూడదని ఆనక సవరించుకున్నాడు. వాడికేమైనా అయితే ఇంట్లో ఏడుపులు వినాల్సింది తనే కదా.

ఓనాడు ఊరి మొదట్లోనే అప్పలసూరి ఎదురయ్యాడు, ఒళ్ళంతా మసి. "బావా, బాయిలరు గొట్టం పగిలిపోనాది. కమ్మరోడి కోసం ఎల్తన్నాను. ఈయేల కూత నేదు!"

"అయ్యో" అన్నాడు గున్నయ్య నోటితో. లోపల మాత్రం తప్పెటగుళ్ళు మోగాయి. ఈవేళ ఊరికి తనే దిక్కు! రెక్క నొప్పెట్టేలా బల్లెం ఊపుతూ వీధి వీధంతా మోగించుకుంటూ పోయాడు. స్టేషనులో సంచీ అప్పగించి, పొగలు కక్కే అన్నం తలుచుకుంటూ ఇంటికొచ్చాడు.

పొయ్యి చల్లగా ఉంది. దాలమ్మ అరుగు మీద కూర్చుని, చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ అక్కడే కబుర్లలో ఉన్నారు.

"ఎసరెట్టనేదేటే?"

"కూత అవనేదు కదా?"

"నా గంట ఇనిపించనేదా?" అడిగాడు గున్నయ్య.

దాలమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "ఎందుకినిపించనేదు, అందరం ఇన్నాం. ఏటో, ఈయేల నువ్వే తొరగా వచ్చెసినావనుకున్నాం మావా!"