రెండు కొలతల తుపాకులు

గెన్పాచిది నాలుగు తరాలుగా తుపాకులు చేస్తున్న కమ్మరి ఇల్లు. వాళ్ల కోట ఊరు నీగాతా రేవుకు రెండు రోజుల నడక. దేశాన్ని ఏలుతూ వచ్చిన సేనాపతి షోగున్ పక్షానికీ, చక్రవర్తి పేరు చెప్పుకుని లేచిన దక్షిణాది సైన్యానికీ పోరు ముదిరిన ఆ వేసవిలో, షోగున్ వైపున్న వీళ్ల కోటవాళ్లు రేవులోని ఒక విదేశీ వర్తకుడి దగ్గర మూడు వందల కొత్త తుపాకులు కొన్నారు.

పెట్టెలు విప్పిన రోజే గెన్పాచికి తేడా తెలిసిపోయింది. వాటితో వచ్చిన గుండు ఒక గొట్టంలోకి సాఫీగా జారింది. పక్కదాంట్లో సగం దాకా దిగి బిగుసుకుంది. గొట్టాలు రెండు కొలతలవి! పరుగున ఆయుధశాల అధికారి కురబయాషి దగ్గరికి వెళ్లాడు.

"అన్నీ ఒకటేనని వర్తకుడు రాసిచ్చాడు. వాడికంటే నీకెక్కువ తెలుసా?"

"నాకు తెలియకపోతే పోయింది అయ్యగారూ, గుండుకు తెలుసు. దూరనంటోంది."

"నోరు తగ్గించు. అంత అనుమానమైతే పోయి వాణ్ణే అడుగు."

రెండు తుపాకులు వీపున కట్టుకుని, వానలో తడుస్తూ రేవుకు పోయాడు గెన్పాచి. వర్తకుడు గొట్టాల్లోకి ఒకసారి తొంగిచూసి ఏదో గొణిగాడు.

"చూసుకుని తీసుకెళ్లాల్సింది మీరేనట," అన్నాడు దుబాసీ షింజో.

"చూడ్డానికి పెట్టె మూత తియ్యనిచ్చాడా? పోనీ, చిన్న గుండ్లు పోసే అచ్చయినా ఇమ్మను."

"అచ్చులన్నీ యొకోహామాలో దక్షిణాది వాళ్లకు అమ్మేశాడట. ఈయన దేశం ఈ యుద్ధంలో ఎవరి పక్షమూ కాదట."

గెన్పాచికి ఒళ్లు మండింది. "అంటే ఎవరు కొంటే వాళ్ల పక్షం! ఆ మాట చెప్పు ఆయనకి."

"నేను చెప్పను బాబాయ్. నాకూ పొట్ట గడవాలి."

ఉత్త చేతులతో తిరిగొచ్చి, తనే రాయి తొలిచి అచ్చు చేయడం మొదలుపెట్టాడు. ఒక్కో గొట్టం కొలిచి, సన్నవాటికి ఎర్రగుడ్డ కట్టాడు. గుడ్డ కోసం భార్య ఒసవ తన పెళ్లినాటి నడికట్టు చింపింది.

"ఇంకేం మిగల్లేదు. మళ్లీ అడిగావంటే నిన్నే చింపుతా," అంది.

వంద కూడా పూర్తవకముందే శత్రువు కొండ దాటాడని డప్పు మోగింది. కురబయాషి వచ్చి అన్నీ కలిపి పంచేయమన్నాడు. గెన్పాచి అడ్డుపడితే భటులు పక్కకు తోసేశారు. సైనికుల చేతికి ఈ పీలికలేమిటి, అసహ్యంగా, అని కురబయాషి గుడ్డలన్నీ పీకించాడు.

నాలుగో రోజు, పోరుకు వెళ్లిన ఒసవ తమ్ముడు యోహే కుడిచేతికి కట్టుతో తిరిగొచ్చాడు. అతని తుపాకీ గొట్టంలో గుండు ఇరుక్కునే ఉంది.

"ఒక్కసారి కూడా పేల్లేదు బావా. తిరగేసి దుడ్డుకర్రలా వాడాను. నా పక్కవాడికి ఆ పాటి వ్యవధి కూడా దొరకలేదు."

గెన్పాచి తుపాకీ తీసుకుని, ఇరుక్కున్న గుండును పొద్దుగూకేదాకా తొలుస్తూ కూర్చున్నాడు.

ముందు రేవు పోయింది, శరదృతువులో కోట లొంగిపోయింది. గెలిచినవాళ్ల అధికారి అతని పనితనం గురించి విని, తుపాకులు బాగుచేసే కొలువిస్తానన్నాడు.

"పంచే ముందు కొలతలు చూడనిస్తారా అయ్యగారూ?"

"అవన్నీ పైవాళ్లు చూసుకుంటారు."

వంగి దండం పెట్టి ఇంటికొచ్చేశాడు. ఆపైన చచ్చేదాకా కొడవళ్లూ రంపాలే చేశాడు. ఊరి స్నానశాలలో ఎవరైనా విదేశీయులే మన కొంప ముంచారంటే మాత్రం ఊరుకునేవాడు కాదు.

"వాడు అమ్ముకున్నాడు, సరే! చెప్తే విననిదెవరు?" అని అరిచేవాడు.

కురబయాషి బంధువులు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. పక్కనున్నవాళ్లు వినబడనట్టు ముఖం కడుక్కునేవారు.