కాలేజీ డాబా మీద నారుమడి

మా కుర్రతనంలో కాలేజీ అంటే నాలుగు గోడలు, పైన రేకులు, ఆ రేకుల కింద ఉడుకుతున్న విద్యార్థులు. బాగా ఉడికితేనే చదువు ఒంటబడుతుందని పెద్దల నమ్మకం. ఇప్పుడు కాలం మారింది. తెనాలి దాటి ఎటు వెళ్ళినా కాలేజీ గేట్ల మీద ‘హరిత భవనం’ అని పచ్చటి అక్షరాలు కనిపిస్తున్నాయి. డాబాల మీద గడ్డి పెంచుతున్నారు, గోడలకి తీగలు పాకిస్తున్నారు, వాటిని చూపించి ఫీజులు కూడా పెంచుతున్నారు. మొన్న మా మనవరాలిని చేర్పించడానికి వెళితే ఒక కుర్ర ఇంజనీరు నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి, “ఇలాంటిది మన ప్రాంతంలో ఇదే మొదలు సార్” అన్నాడు. పిల్లవాడి ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఎందుకని ఊరుకున్నాను. నిజానికి మన ప్రాంతంలో కాలేజీ డాబా మీద మొట్టమొదట గడ్డి పెంచినవాణ్ణి నేనే. అందుకు నెలనెలా జీతం కూడా పుచ్చుకున్నాను. ఆ జీతం ఎలా ఆగిపోయిందో చెప్పడానికే ఇదంతా.

డెబ్బైల మొదట్లో సంగతి. రేపల్లె వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో (పేరు చెబితే అక్కడి చుట్టాలు నన్ను పెళ్ళిళ్ళకి పిలవడం మానేస్తారు) రైతులంతా కలిసి కాలేజీ పెట్టారు. పక్క ఊరికి కాలేజీ వచ్చింది గనక మనకీ రావాలన్నది దాని వెనక ఉన్న విద్యాదృష్టి. కమిటీ ప్రెసిడెంటు స్వయానా మా మేనమామ. ఆయన్ని ఊరంతా ‘గట్ల మావయ్య’ అనేవాళ్ళు. తెల్లారేసరికి పొలం గట్ల మీద ఒక చుట్టు తిరిగి రాకపోతే ఆయనకి కాఫీ గొంతు దిగేది కాదు. అప్పటికి నేను బాటనీలో ఎమ్మెస్సీ చదివేసి, తెనాలిలో నాన్న బట్టల కొట్లో గజంబద్ద పట్టుకుని లంగా గుడ్డలు కొలుస్తున్నాను. అమ్మ పోరు పడలేక మావయ్య నన్ను తన కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా వేయించాడు. అయితే అది టెంపరరీ. యూనివర్సిటీ వాళ్ళు తనిఖీకి వచ్చి కాలేజీకి గుర్తింపు ఇస్తే నా ఉద్యోగం పర్మినెంటు అవుతుంది. ఇవ్వకపోతే మళ్ళీ గజంబద్దే గతి. ఆ తనిఖీ కోసం నేను ఎదురుచూసినట్టు పెళ్ళికొడుకు కూడా ముహూర్తం కోసం ఎదురుచూసి ఉండడు.

కొత్త భవనం ప్లాను గీయడానికి మద్రాసు నుంచి ఒక ఆర్కిటెక్టుని పిలిపించారు. సన్నగా, పొడుగ్గా, భుజాన గుడ్డసంచీతో ఉండేవాడు. వచ్చిన రోజే చేలో నిలబడి, వేలు తడి చేసి పైకెత్తి, గాలి ఎటు నుంచి వస్తోందో చూశాడు. (“ఆ మాత్రం మమ్మల్నడిగితే చెబుతాంగా” అని మావాళ్ళు గొణిగారు.) అంతే, ఆయనకి ‘గాలి ఇంజనీరు’ అన్న పేరు స్థిరపడిపోయింది. “భవనం ఊపిరి పీల్చుకోవాలండీ. ఎండతో పోట్లాడకూడదు, మంచి చేసుకోవాలి. ఫ్యాను పెట్టామంటే మనం ఓడిపోయినట్టే” అన్నాడాయన కమిటీ ముందు. అక్కడున్న పెద్దలెవరికీ ఒక్క ముక్క బోధపడలేదు. చివరికి ఒకాయన గొంతు సవరించుకుని, “అయితే కరెంటు బిల్లు?” అన్నాడు. “రాదండీ” అన్నాడు గాలి ఇంజనీరు. ప్లాను ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

బాపట్ల వైపు నుంచి వచ్చే సముద్రపు గాలి లోపలికి దూరేట్టు గోడల నిండా కన్నాలు పెట్టించాడు. మేడ మీదికి మెట్లు తీసేసి వాలుదారి కట్టించాడు. శ్లాబు మీద తారు పూయించి, దాని మీద జానెడు మందాన మట్టి, మట్టి మీద గరిక. ఎండంతా గరిక తాగేస్తుంది, కింద గది చల్లగా ఉంటుంది అన్నది ఆయన లెక్క. “చవుడు మట్టయినా పరవాలేదండీ, తేలిగ్గా ఉండాలి” అని ఆయన అంటే, మా కమిటీ వాళ్ళు నొచ్చుకుని కొల్లూరు లంకల నుంచి బళ్ళ మీద ఒండ్రు మట్టి తెప్పించారు. వేసేది మట్టే అయినా మర్యాదగా వేయాలి కదా! గడ్డి పెంచే పని బాటనీ చదివాను గనక నాకు అప్పగించి, రికార్డులో నా పోస్టు కూడా దాని కిందే రాశారు. ఆ పూటతో నేను గాలి ఇంజనీరుకి పరమభక్తుణ్ణి అయిపోయాను. ఆయనలాగే ఒక గుడ్డసంచీ కుట్టించుకున్నాను. అందులో పెట్టుకోవడానికి ఏమీ లేక టిఫిన్ డబ్బా పెట్టుకునేవాణ్ణి. విద్యార్థులు నాకు ‘గరిక మేష్టారు’ అని పేరు పెట్టారు.

చెప్పొద్దూ, ఆ భవనం నిజంగానే చల్లగా ఉండేది. వేసవి ఎండలకి ఊళ్ళో కుక్కలు నాలుకలు వేలాడేసుకుని తిరుగుతుంటే, మా క్లాసుల్లో చన్నీళ్ళు చిలకరించినట్టు ఉండేది. దాంతో కొత్త చిక్కు వచ్చింది. మధ్యాహ్నం రెండో గంట కొట్టాక కాలేజీ మొత్తం నిద్రపోయేది. ముందు విద్యార్థులు, తరవాత లెక్చరర్లు, ఆఖర్న గంట కొట్టే ఆయన. ఊళ్ళో పెద్దలు భోంచేసి, తుండుగుడ్డ భుజాన వేసుకుని, “కాలేజీ ఎలా నడుస్తుందో చూసొస్తాం” అని వచ్చి వెనక బల్లల మీద నడుం వాల్చేవాళ్ళు. హాజరు మాత్రం అద్భుతంగా ఉండేది. మా ప్రిన్సిపాల్ గారు రేపల్లె వైపు లూథరన్ కుటుంబంలో పుట్టిన పెద్దమనిషి. ఎంత ఎండలోనూ కోటు విప్పేవారు కాదు. “పిల్లలు క్లాసు వదిలి వెళ్ళమంటున్నారయ్యా, ప్రభువు దయ” అని మురిసిపోయేవారు.

ఇంతలో నెల రోజుల్లో తనిఖీ అని కబురు వచ్చింది. అదే సమయానికి, ఆ ఏడు కాలవలకి నీళ్ళు రావడం ఆలస్యమైంది. చేలు బీటలు తీసి ఉన్నాయి. నారు పోసుకునే దిక్కు లేదు. మావయ్య వడ్లు నానబోసి, మండె కట్టి, మొలకలు చూసుకుంటూ పిచ్చెక్కినట్టు తిరుగుతున్నాడు. ఒకరోజు తిరిగి తిరిగి వాలుదారి ఎక్కి డాబా మీదికి వచ్చాడు. పైన లంక మట్టి, పక్కన బోరు నీళ్ళ తొట్టి, నడినెత్తిన ఎండ. మధ్యలో గొట్టంతో నీళ్ళు పెడుతూ నేను.

“ఏంట్రా అల్లుడూ ఇది?” అన్నాడు.

“గరిక మావయ్యా.”

“గరికని నాకూ తెలుసులే. ఇక్కడెందుకుందని?”

“పెంచుతున్నాం మావయ్యా.”

ఆయన మొహం చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. “మా తాత గరిక పీకాడు. మా నాన్న గరిక పీకాడు. నేను ఇప్పటికీ పీకుతానే ఉన్నా. ఇంతమందిమి పీకి పీకి నడుములు పడిపోతే, నువ్వు జీతం తీసుకుని దాన్ని పెంచుతున్నావంట్రా?” అన్నాడు. నేను ఎండ గురించి, ఊపిరి గురించి, గాలి ఇంజనీరు చెప్పినదంతా అప్పజెప్పాను. ఆయన శ్రద్ధగా విని, “పచ్చగా ఉండాలి, అంతేగా? అయితే నారు మాత్రం పచ్చగా ఉండదా?” అన్నాడు. మావయ్యతో వాదించవచ్చు గానీ, నన్ను పర్మినెంటు చేయాల్సిన ప్రెసిడెంటుతో ఎలా వాదించడం? మర్నాటికల్లా గరిక పోయింది. మట్టిని దమ్ము చేశారు, చుట్టూ చక్కటి గట్టు వేశారు. వాన నీళ్ళు దిగిపోవడానికి గాలి ఇంజనీరు పెట్టించిన గొట్టాలని, చేలో తూము మూసినట్టు గడ్డి కుక్కి మట్టితో మూసేశారు. ఆ సాయంత్రమే నారు పోశారు. ఇక మావయ్య పొద్దుటి షికారు కాలేజీ డాబా గట్టు మీదికి మారింది. అక్కడికే కాఫీ తెప్పించుకునేవాడు.

తనిఖీ నాటికి కాలవలు వచ్చేశాయి గానీ, నారు డాబా మీదే ఉంది. అబద్ధమెందుకు, నా గరిక ఏనాడూ అంత అందంగా లేదు. గాలి వీస్తే డాబా అంతా ఒక్కసారే తల వంచి లేచేది. ఆ వేళ మద్రాసు నుంచి గాలి ఇంజనీరు కూడా వచ్చాడు. పైకెక్కి, నిలవ నీళ్ళనీ, అందులో ఈదుతున్న కప్పపిల్లల్నీ చూసి, సంచీలోంచి ప్లాను తీసి అటూ ఇటూ తిప్పాడు. “ఇది నా డ్రాయింగులో లేదండీ” అన్నాడు చివరికి.

“మీ డ్రాయింగులో అన్నం మాత్రం ఉందా బాబూ?” అన్నాడు మావయ్య ఎంతో మర్యాదగా.

తనిఖీ సంఘానికి పెద్ద ఒక తెల్లజుట్టు ఫిజిక్సు ప్రొఫెసరు. ఆయన పుట్టి పెరిగింది పట్నంలో. డాబా మీదికి రాగానే పరవశించిపోయి, “ఎంత చక్కటి పచ్చిక! ఏం జాతి ఇది?” అన్నారు. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. గాలి ఇంజనీరు నా వైపు చూశాడు. మావయ్య అయితే చూపుతోనే నా ఉద్యోగాన్ని పట్టుకుని ఊపాడు. “ఒరైజా సటైవా అండీ” అన్నాను. వరికి మా బాటనీలో ఉన్న పేరు అది. సత్యం చెప్పినట్టూ ఉంది, ఎవరికీ తెలియనట్టూ ఉంది. “ఓహో, విదేశాల నుంచి తెప్పించారా?” అని ఆయన తల ఊపారు. కానీ సంఘంలో రెండో మెంబరు చేబ్రోలు వైపు ఆసామి. ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని, ఒక మొక్క పీకి, వేళ్ళు కడిగి చూసి, మావయ్య వైపు తిరిగారు. నాకు కళ్ళ ముందు గజంబద్ద కనిపించింది.

“అక్కుళ్ళాండీ?” అన్నారాయన. అక్కుళ్ళంటే అప్పట్లో మావైపు బాగా వేసే వడ్లు.

“అవునండీ.”

“ముదురుతుందిగదండీ, ఇంకా పీకలేదేంటి?”

“తమరు వచ్చినరోజున పచ్చగా ఉండాలని ఆగామండీ.”

మెంబరుగారు గొంతు తగ్గించారు. “మా వైపు నారు మొత్తం ఎండిపోయిందండీ. ఎక్కడా దొరకట్లా.”

“ఎన్ని కట్టలు పంపమంటారండీ?” అన్నాడు మావయ్య.

అంతటితో డాబా తనిఖీ ముగిసింది. కింద గదిలో పెసరట్లు వడ్డించారు. తూములు మూసిన డాబా ఊరుకుంటుందా? అతుకుల్లోంచి చుక్కలు మొదలయ్యాయి. ఒక చుక్క సరిగ్గా ప్రొఫెసరుగారి అల్లం పచ్చట్లో పడింది. ఆయన పైకి చూసి, “ఇది కూడా చల్లదనం కోసమేనా?” అన్నారు. ప్రిన్సిపాల్ గారు కోటు సర్దుకుని, “అవునండీ, చుక్క చుక్కగా వదులుతాం” అన్నారు. (ఆ ఆదివారం ఆయన చర్చిలో మామూలుకంటే ఎక్కువసేపు మోకరించారని తరవాత విన్నాను.)

పది రోజులకి నివేదిక వచ్చింది. కమిటీని కూచోబెట్టి ప్రిన్సిపాల్ గారు బిగ్గరగా చదివారు. భవనం అపూర్వమట, తక్కిన కాలేజీలకి ఆదర్శమట, గుర్తింపు ఇస్తున్నారట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. ఇంకొక్క వాక్యం మిగిలి ఉంది. ‘డాబా మీది పచ్చదనాన్ని స్థానిక రైతులే సమర్థంగా చూసుకుంటున్నందున, ఇందుకోసం నియమించిన డిమాన్‌స్ట్రేటరు పోస్టు అనవసరమని భావిస్తున్నాము.’ చప్పట్లలో ఉన్న నా చేతులు అలాగే ఆగిపోయాయి. రైతుల్ని మెచ్చుకున్న ముక్కని మావయ్య ఇంకోసారి చదివించుకుని విన్నాడు. ఆ తరవాత నేను కనిపించాను ఆయనకి. “అల్లుడూ, గుర్తింపుని కాదనలేంగదరా” అన్నాడు. ఒక్కసారిగా ఏడుపు వచ్చింది నాకు. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, పదిమందిలో ఏడవకూడదని బయటికి వచ్చేశాను.

బయట, నివేదిక సంగతి తెలుసుకోవడానికి మళ్ళీ వచ్చిన గాలి ఇంజనీరు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. నాకంటే ఆయనకే ఎక్కువ బాధగా ఉండాలి అనుకున్నాను. ఆయన మాత్రం వేలితో గాలిలో ఏదో గీసుకుంటున్నాడు. “తమ్ముడూ, నీళ్ళు నిలవుండడంతో గది ఇంకా చల్లబడింది, గమనించావా? ఈసారి అతుకులు గట్టిగా వేసి, నారుమడే గీస్తాను” అన్నాడు. ఈసారి అన్నది ఆయనకి మా వైపు రాలేదు. రెండు వానాకాలాలు కారాక కమిటీ వాళ్ళు ఆ డాబా మీద మట్టి తీయించి రేకుల షెడ్డు వేశారు. గోడ కన్నాలు సిమెంటుతో మూశారు. గదికి రెండు ఫ్యాన్లు బిగించారు. విద్యార్థులు మేలుకున్నారు, హాజరు పడిపోయింది.

నేను తెనాలి వచ్చి లంగా గుడ్డలు కొలవడం మొదలుపెట్టాను. (బాపట్లలో ఉద్యోగం దొరికింది మరుసటేడు.) మావయ్యతో మాట మానేశాను. నూర్పిళ్ళయ్యాక ఒకనాడు ఆయన పాలేరు మా గుమ్మంలో బియ్యం బస్తా దించి, “డాబా నారు పంటంట బాబూ. ముందు మీకే ఇచ్చి రమ్మన్నారు” అన్నాడు. వెనక్కి తీసుకుపొమ్మని కేకలేశాను. అమ్మ వినిపించుకోకుండా ఎసరు పెట్టేసింది. కొత్త బియ్యం గదా, ముద్దయి చస్తుందిలే అని ఆశపడ్డాను. అవలేదు. మల్లెపూవులా విడివిడిగా ఉంది. ఆ అన్నంలో పప్పూ నెయ్యీ కలుపుకుంటూ, ఆ కాలేజీ గడప ఈ జన్మలో తొక్కనని అమ్మ ముందు ప్రతిజ్ఞ చేశాను. గరిక పెంచితే తప్పేంటని కంచాన్ని నిలదీశాను. “గుడ్డసంచీ తగలబెట్టేస్తాను” అని అరిచి, ఆ అరుపులోనే “ఇంకొంచెం పెట్టమ్మా” అన్నాను. కళ్ళు తుడుచుకుంటూ, కోపం తగ్గకుండా జాగ్రత్తపడుతూ, మారు మీద మారు తిన్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడి పక్కన కూచుని, ఇంకాస్త నెయ్యి వేయాలనీ అనిపిస్తుంది.