గుట్టెక్కిన పిల్లలు

ఆ ముసలామె పేరు నాకు తెల్వదు. లడాయి కాలంల, పెట్రోలు దొరకక బొగ్గుతోని నడిచే మా బస్సు కోడేరు దాటినంక గుట్ట కింద ఆగింది. కనుబొమ్మలు లేని ఆమె సీటు సీటుకూ తిరుగుతూ చెప్తున్నది: “అడవికి నిప్పంటుకుంటే గుట్టెక్కొద్దు. మీకంటే మంటనే జల్ది ఎక్కుతది. కాలిపోయిన జాగకు ఉరుకుండ్రి.”

“నీకెవరు చెప్పిండ్రవ్వా?” అని నవ్వుతూ అడిగిన.

“గుట్టెక్కిన నా పిల్లలు. ఇప్పటికీ చెప్తుండ్రు.”

ఇంతల బస్సు బొగ్గుపొయ్యిల నుంచి లేచిన నిప్పురవ్వలకు ఎండుగడ్డి అంటుకున్నది. అందరం బస్సు దిగి ఉరికినం. గుట్ట దిక్కు ఉరుకుతున్న నన్ను ఆమె రెక్కపట్టి గుంజింది. గడ్డి కాలిపోయి నల్లబడ్డ నేల మీద అందరం నిలబడి బతికినం.

మంట సల్లారినంక ఆమె గుట్ట దిక్కు తిరిగి, “ఇగ దిగి రాండ్రి బిడ్డలారా,” అని పిలిచింది.

పైన ఎవ్వరూ లేరు. కానీ రాళ్లు జారుతున్న చప్పుడు మా దిక్కే వచ్చింది. మేమందరం జర పక్కకు జరిగి, జాగ ఇచ్చినం.