ముల్లంగి లాగిన పూట

రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను గిద్దలూరుకి కోడలిగా వచ్చినాను. పెరడంతా నల్ల బంకమట్టి. వానొస్తే కాలు ఊడిరాదు, ఎండితే గడ్డపార దిగదు. నేల గుల్లబారాలని అత్తమ్మా నేనూ పట్టుబట్టి, బొగ్గుల దుకాణం వాళ్లు పారబోసే నుసిని గంపలతో తెచ్చి, మాగిన పేడ ఎరువుతో కలిపి మట్టిలో తిరగేసినాం. మా నల్లటి ముఖాలు చూసి మా ఆయన, "ఎవరమ్మా మీరు? ఇంట్లో ఆడవాళ్లు లేరా?" అని అడిగినాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వినాం.

అందులో వేసిన ముల్లంగి చలికాలానికి ఊరింది. నేల ఇంకా గట్టిదే అనుకుని అత్తమ్మ రెండు చేతులా బలంగా లాగింది. అది ఇట్టే ఊడొచ్చింది. ఆమె వెల్లకిలా పడి, ముల్లంగిని పైకెత్తి, "ఏందే ఇది, నేలా, వెన్నా?" అని కేకేసింది. లేపబోయి నేనూ పడినాను. ఎంతసేపటికీ నవ్వు ఆగక, ఇద్దరం ఆ మెత్తటి మట్టిలో అట్లనే కూర్చుండిపోయినాం.