గారెల డబ్బా, ఎర్ర గీతలు

తప్పులు పట్టే పని చేతికొస్తే మనిషి ఎంత తొందరగా సాబ్ అయిపోతాడో ఆ రోజుల్లో నన్ను చూస్తే తెలిసేది. మాది కోరుట్ల. ఇంటర్ తప్పి, అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టిన చేతులు నావి. కార్ఖానా సాబ్ మా కట్టలు విప్పి, నచ్చని బీడీలు నలిపి పారేసేవాడు. "మంచిగనే ఉన్నయి గద సాబ్" అంటే, "నాకే చెప్తవా?" అనేవాడు. (ఆయన్ని నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.)

తర్వాత కంప్యూటర్ నేర్చుకుని, జగిత్యాలలో దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసే చిన్న ఆఫీసులో కుదిరాను. అక్కడ ఒక్కొక్కరిది ఒక్కో రాత. "రాత ఎట్లుండాల్నో రూల్స్ అన్ని ఒక్క ప్యాకేజీల పెట్టు బిడ్డా, అందరం గదే వాడుదం" అని మా పెద్దసారు నాకు అప్పగించాడు. ప్రోగ్రాములో వాడని పేరు ఉంచకూడదు, ఒకే పేరు రెండు పనులకు పెట్టకూడదు, అలాంటివన్నమాట. రాతలో తప్పులు పట్టే ఆ రూల్స్ మూటను లింట్ ప్యాకేజీ అంటారు. నేను కొత్తది పంపితే అందరి కంప్యూటర్లూ దాన్నే తెచ్చుకుంటాయి. రూలు తప్పిన చోట పసుపు గీత వస్తే హెచ్చరిక, ఎర్ర గీత వస్తే ప్రోగ్రాము అక్కడే ఆగిపోతుంది. మొదట పంపిన నాలుగు రూల్స్ కు పసుపే పెట్టాను, ఎవరూ పట్టించుకోలేదు; రెండోసారి రూల్స్ పెంచి, అన్నిటికీ ఎరుపే పెట్టాను. పసుపుకు ఎవరు భయపడతారు?

పంపిన మర్నాడు, ఆ సంతోషంలో అమ్మ చేత గారెలు చేయించుకుని, డబ్బాతో బస్సు దిగాను. ఆఫీసులో చప్పుడు లేదు. నన్ను చూసి ఎవరూ పలకలేదు. గౌరవం అనుకున్నాను (నిజంగానే అనుకున్నాను).

మూలన, మేము సిరిసిల్ల తమ్ముడు అని పిలిచే కుర్రాడు తల పట్టుకుని కూర్చున్నాడు. బట్ట నేసే సాంచెలు నడిపే ఇంటివాడు, కొత్తగా చేరాడు. ఆ రోజు చీరల సేటు వచ్చి అతని మొదటి ప్రోగ్రాము చూసి సరే అంటేనే ఉద్యోగం.

"అక్కా, నిన్న మంచిగనే నడిసింది. పొద్దుగాల్నుంచి దిద్దుతనే ఉన్న, తప్పులు ఒడుస్తలెవ్. నాకీ పని రాదు గావచ్చు. మా నాయినతోని సాంచెలే నడుపుకుంట."

ఏది ఎందుకు తప్పో నేను ఒక్క ముక్క కూడా రాసి పెట్టలేదు. నాకు కార్ఖానా గుర్తొచ్చింది.

"ముందుగాల ఈ రూల్స్ నీ ప్రోగ్రాం మీద నడిపి చూసినవా?" అన్నాడు పెద్దసారు. చూడలేదు. అందరి ముందూ నడిపించాడు. తెరంతా మిరపకాయలు ఆరబోసినట్టు ఎరుపు. అందరికంటే నావే ఎక్కువ.

"ఇగ గారెలు పంచు అక్కా" అన్నారెవరో వెనక నుంచి.

ఈలోగా సేటు మెట్లెక్కి రానే వచ్చాడు. నేను పాత రూల్స్‌కే కంప్యూటర్లు కొత్తదనుకుని తెచ్చుకునేలా కొత్త నంబరు వేసి పంపాను. అవి చేరేదాకా ఆయన్ని కూర్చోబెట్టినవి ఆ గారెలే. "జబర్దస్తున్నయి. ప్రోగ్రాం సుత గిట్లనే ఉంటదా?" అన్నాడు నములుతూ. ప్రోగ్రాము నడిచింది, తమ్ముడి ఉద్యోగం నిలిచింది. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ ప్యాకేజీ ఇప్పటికీ నా చేతిలోనే ఉంది. కొత్త రూలు ముందు నా రాత మీద నడిపి, పసుపు పెట్టి, ఎందుకో ఒక మాట రాసి పంపుతాను. అయినా పంపిన మర్నాడు పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేస్తాడు: "అక్కా, కొత్తది అచ్చింది. గారెలేవి?" సిగ్గుతో ముఖం తుడుచుకుంటూ నవ్వుకుంటాను. ఆ రోజు డబ్బా పట్టుకుని, తలెత్తుకుని బస్సు దిగుతున్న ఆ పిల్ల కనిపిస్తుంది. ఆపి ఒక్క మాట చెబుదామనిపిస్తుంది గాని, వింటుందా? "నాకే చెప్తవా?" అంటుంది.