ఏడు మట్టి ఉండలు, ఒక బొటనవేలు

రాజులు యుద్ధానికి ఏ రోజున బయల్దేరారో చరిత్రకారులు రాశారు గాని, బయల్దేరే ముందు కాసేపు కూర్చుని గోళ్ళు కొరుక్కున్నారా, మీసం మెలేసుకున్నారా అన్నది రాయలేదు. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు మనిషి ఏం చేస్తాడన్న అధ్యాయం అందుకే ఇప్పటికీ ఖాళీగా ఉంది. ఆ లోటు కొంతైనా తీర్చడానికి ఒక సంగతి ఇక్కడ నమోదు చెయ్యవలసి ఉంది. మ్యూజియంలో పగిలిన కుండలు అతికే ఉద్యోగి ఒకాయన, ఆలోచనలో పడ్డప్పుడల్లా చిటికెడు తడిమట్టి తీసుకుని, గోళీకాయంత ఉండ చుట్టి, దాని మీద కుడి బొటనవేలి గోటితో ఒక్క నొక్కు నొక్కి, కిటికీ గట్టు మీద పెట్టేవాడు.

మొదటి ఉండ పుట్టింది పదహారేళ్ళ కిందట, ఒక కూజా మెడ ఎంతకీ అతకని మధ్యాహ్నం. కూజా అతికింది, ఉండ మిగిలింది. ఆ తరవాత చాలా కుండలు అతికాయి, చాలా ఉండలు మిగిలాయి. పారెయ్యడానికి చెయ్యాడక, నెలకోసారి నకలు బొమ్మలు కాల్చే చిన్న కరెంటు బట్టీలో ఒక మూలన వాటినీ కాల్చేసేవాడు. ఎందుకని అడిగితే "బట్టీ ఎలాగూ వెలుగుతుంది కదా" అనేవాడు. నాగరికతలో సగం పనులకు ఇంతకంటే గట్టి కారణం దొరకదు.

ఆయన భార్యకు మాత్రం ఈ అలవాటులో చరిత్ర కనిపించలేదు, చాకిరీ కనిపించింది.

"చొక్కా జేబులో మళ్ళీ పచ్చి ఉండ! బకెట్లో నీళ్ళన్నీ వరద నీళ్ళయ్యాయి. వాళ్ళు మీకు జీతం ఇస్తున్నారా, మట్టి ఇస్తున్నారా?"

"రెండూను."

"మట్టి మాత్రం టంచనుగా ఇంటికి తెస్తున్నారు."

ఆయన పనిచేసే గది మ్యూజియం వెనక వైపు, మెట్ల కింద. ఒక పొడుగాటి బల్ల. అతికిన ముక్కలు ఆరేదాకా పడిపోకుండా గుచ్చి నిలబెట్టడానికి ఇసక నింపిన తొట్టి. అరిగిపోయిన టూత్‌బ్రష్షులు ఒక డబ్బానిండా. గోడ పొడుగునా అరల్లో రేకు ట్రేలు. ఏటి ఒడ్డున దిబ్బ కింద బయటపడ్డ నాలుగు వేల ఏళ్ళ నాటి పట్నం ముక్కలు ముక్కలుగా ఆ ట్రేల్లో ఉంది. ప్రతి ట్రేకీ ఒక చీటీ: ఏ గుంతలో దొరికింది, ఎన్నో పొరలో దొరికింది. గదిలోకి కొత్తగా ఎవరొచ్చినా ఆయన చెప్పే ఉపన్యాసం ఒక్కటే. "ముక్క పోయినా ఫరవాలేదు, చీటీ పోకూడదు. ట్రే ఖాళీ చేస్తే మొదట చీటీ తియ్యాలి. ఖాళీ ట్రేకి చీటీ ఉందంటే అది అబద్ధం ఆడటానికి సిద్ధంగా ఉన్నట్టే." ఈ ఉపన్యాసం పదహారేళ్ళుగా చెబుతున్నాడు. ఇంత కచ్చితంగా చెప్పేవాడు తప్పు చేస్తాడని ఎవరూ అనుకోరు. అందరికంటే ముందు ఆయనే అనుకోలేదు.

ఆ ఏడు స్కూళ్ళ మధ్య ఒక పోటీ పెట్టారు. నదీలోయలో ఆ పాత పట్నంవాళ్ళు ఎలా బతికారో పిల్లలు తమంతట తాము వెతికి తెలుసుకుని, సభలో చెప్పాలి. ఒక స్కూలు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలు ఐదుగురు, వెంట వాళ్ళ సోషల్ టీచరు, రోజూ మధ్యాహ్నం ఈ గదికి రావడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒక అమ్మాయికి ఆయన రెండో రోజే 'ఎందుకమ్మ' అని పేరు పెట్టాడు.

"బాబాయ్, ఈ కుండ అడుక్కి మసి ఒక పక్కే ఉంది. ఎందుకు?"

"పొయ్యి మీద పెట్టారు కాబట్టి."

"పొయ్యి మీద పెడితే చుట్టూ ఉండాలి కదా?"

"ఆ కాలంలో నేను లేనమ్మా."

"ఉన్నట్టే కనిపిస్తారు బాబాయ్" అంది పక్కనున్న పిల్ల. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఎందుకమ్మ మాత్రం నవ్వకుండా ఒక నోటు పుస్తకం తీసి, వంటకుండల అడుగులన్నీ ముందేసుకుని కూర్చుంది. నలభై ఒకటి. ఐదు రోజులపాటు ఒక్కొక్కటి కిటికీ వెలుతురులో తిప్పి చూసి, మసి చుట్టూ ఉందా, ఒక పక్కే ఉందా రాసుకుంది. ఒక పక్కే ఉంటే కుండని నిప్పుకి పక్కన పెట్టి, వేడి చల్లారకుండా ఉంచారని ఆమె అనుమానం. అంటే ఇంట్లో ఎవరో ఆలస్యంగా వస్తారు, వాళ్ళకోసం అన్నం అట్టేపెట్టారు. ఇంత చిన్న సంగతి ఇంత శ్రద్ధగా వెతికినవాళ్ళని ఆయన తన సర్వీసులో చూడలేదు. ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు కూడా.

ఆరో రోజు సోమవారం. ఎందుకమ్మ కింద అర లోంచి ఒక ట్రే లాగి, గట్టిగా అరిచింది. ట్రేలో ఏడు ఎర్రటి మట్టి ఉండలు. ఒక్కోదాని మీద ఒక్క గోటి నొక్కు. ట్రేకి చీటీ: నాలుగో గుంత, మూడో పొర.

జరిగింది ఇంతే. కిందటి నెల ఆయన ఆ ట్రేలోని ముక్కలన్నీ అతకడానికి తీశాడు. బట్టీలోంచి వచ్చిన ఉండలు పెట్టడానికి చేతికందిన ఆ ఖాళీ ట్రేలో వేశాడు. చీటీ తియ్యలేదు.

అరుపు విని, ఆ గది వైపు ఎప్పుడోగాని రాని క్యూరేటరు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని వచ్చారు. సోషల్ టీచరు ఫోన్ పైకెత్తి ఫొటోలు తీస్తోంది. పిల్లలు గెంతుతున్నారు. 'అవి నావి' అనడానికి రెండు మాటలు చాలు. ఆయన నోరు తెరిచాడు కూడా. నోట్లోంచి "జాగ్రత్తగా పట్టుకోండి" అన్న మాట వచ్చింది.

మర్నాటికి మసి సంగతి మూలపడింది. ఆ నోటు పుస్తకంలోని వెనక పేజీలు చింపి ఉండలకు చీటీలు రాసుకున్నారు పిల్లలు. ఆ చిరుగుల వంక ఆయన చూడలేకపోయాడు. ఎందుకమ్మ భూతద్దం పట్టుకుని ఒక్కో నొక్కూ పరీక్షించి తేల్చి చెప్పింది.

"ఏడూ చేసింది ఒక్క మనిషే. కుడిచేతి బొటనవేలు. పెద్దాయన. గోరు ఎడమవైపు చివర కొంచెం విరిగింది, అన్నిటి మీదా అదే గుర్తు."

ఆయన కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకోటి కూడా అనిపిస్తోంది బాబాయ్. ఆట కోసం చేసినట్టు లేవు. ఏదో తోచక, మనసులో ఏదో పెట్టుకుని చేసినట్టున్నాయి. పాపం, ఎవరో."

నాలుగు వేల ఏళ్ళలో ఎవరికీ దక్కని ఆ జాలిని ఆయన నిలబడి అందుకున్నాడు. ఆ సాయంత్రం అంతా ఎడమచేత్తోనే జిగురు రాశాడు. ఒక గిన్నెకి మూతి తలకిందులుగా అతికింది.

బుధవారం ఎందుకమ్మ ఒక చిన్న మందు గొట్టం తెచ్చి ఇచ్చింది. "చేతికి దెబ్బ తగిలింది కదా, దాచుకుంటున్నారు. మా అమ్మ చెప్పింది, రాసి కట్టు కట్టుకోవాలట." ఆయన కాదనలేదు. పిల్లలందరి ఎదుటా, ఏ దెబ్బా లేని బొటనవేలికి మందు రాసుకుని, ఆమే చింపి ఇచ్చిన తెల్లగుడ్డతో కట్టు కట్టించుకున్నాడు.

ఇంట్లో భార్య ఆ కట్టు చూసింది. "ఏమైందండీ?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి కట్టెందుకు?"

ఆయన చెప్పాడు. మొత్తం చెప్పాడు. ఆమె వింటూ బట్టలు మడత పెట్టింది. తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఐదు రోజులు మసి లెక్కపెట్టిందన్నారే, ఆ పిల్లేనా?"

"ఆ పిల్లే."

"మరి ఇంకా ఇక్కడ కూర్చున్నారేం?"

గురువారం ఆయన చెప్పెయ్యాలనే క్యూరేటరు గదిలోకి వెళ్ళాడు. ఉండలకోసం ఎలాంటి గాజుపెట్టె చేయించాలో క్యూరేటరు కాగితం మీద గీసి చూపించారు. పెట్టెలో చిన్న బల్బు కూడా ఉంటుందట. ఆయన పావుగంట విని, జిగురు అయిపోయిందని చెప్పి బయటికి వచ్చాడు. జిగురు రెండు డబ్బాలు నిండుగా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం సభ. పొద్దున్నే పిల్లలు ఉండలు దూదిలో సర్దుకుంటుంటే ఆయన గుమ్మంలో నిలబడి, "ఎందుకమ్మా, ఒక ఉండ ఇలా ఇవ్వు" అన్నాడు. కట్టు విప్పాడు. విరిగిన గోటిని ఉండ మీది నొక్కులో ఆనించాడు. డబ్బాకి మూతలా కూర్చుంది.

ఆ పిల్ల గోటి వంక చూసింది, ఉండ వంక చూసింది, ఆయన మొహం మాత్రం చూడలేదు.

"ఎప్పుడు చేశారు?"

"కిందటి నెల."

"చీటీ?"

"తియ్యలేదు."

"మాకు మాత్రం రోజూ చెప్పారు!" దూది పక్కకి తోసేసింది. "నాలుగు రోజులు చెయ్యి దాచుకున్నారు. నేను మందు కూడా తెచ్చాను. మా అమ్మ కూడా అడిగింది, ఆయనకి తగ్గిందా అని."

"తప్పు నాదేనమ్మా. క్యూరేటరు గారికి నేను చెప్తాను, సభలో కూడా నేనే చెప్తాను."

"మీరేం చెప్పక్కర్లేదు." కళ్ళు తుడుచుకుని, సంచీ అడుగు నుంచి చిరిగిన నోటు పుస్తకం తీసింది. "సభకి ఇంకా ఎన్ని గంటలున్నాయి?"

ఆయన క్యూరేటరు దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ఉద్యోగం పోతుందనుకున్నాడు. క్యూరేటరు గాజుపెట్టె బొమ్మ వంక చూసి, దాన్ని నాలుగు మడతలు పెట్టి, "నాతో ముందే చెప్పాల్సింది" అన్నారు. ఆయనకు అదీ బరువుగానే ఉంది.

సభలో ఆయన ఆఖరి వరసలో కూర్చున్నాడు. ఎందుకమ్మ మైకు ముందుకొచ్చి మొదటి మాటే సూటిగా అంది. "మాకు ఏడు ఉండలు దొరికాయనుకున్నాం. అవి కిందటి నెలవి. ట్రేకి చీటీ ఉంది కాబట్టి నమ్మాం. ఉండలు అందులో ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని అడగలేదు. నేను అన్నిటికీ ఎందుకు అని అడుగుతాను, దీనికి మాత్రం అడగలేదు." ఆయన పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయన లేచి నిలబడేవాడు, అందుకు సిద్ధపడే వచ్చాడు. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

తరవాత మసి గురించి చెప్పింది. బొమ్మలు లేవు, అట్టలు లేవు, చిరిగిన పుస్తకం ఒక్కటే. నలభై ఒక్క కుండల్లో పదిహేనుకి ఒక పక్కే మసి ఉందని, ఆ ఇళ్ళల్లో ఆలస్యంగా వచ్చేవాళ్ళకోసం అన్నం వెచ్చగా అట్టేపెట్టి ఉంటారని, అలా అని గట్టిగా చెప్పలేమని కూడా చెప్పింది. సోషల్ టీచరు కొంగుతో ముక్కు తుడుచుకుంది. న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ లేచి, ఇన్నేళ్ళలో ఇంత నిజాయితీ గల ప్రసంగం తాను వినలేదని, చరిత్ర అంటే ఇదేనని, రేపటి తరానికి ఇలాంటివాళ్ళే కావాలని అంది. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆఖరి వరసలో ఆయన కూడా, కట్టు విప్పేసిన చేత్తో, కొట్టాడు.

ఆ పోటీకి వచ్చినవి ఆరు స్కూళ్ళు. వీళ్ళకి ఆరో స్థానం వచ్చింది.