దోహా పాత బజారులో అమ్మ తాగిన కాఫీ

పాయసంలోకి యాలకలు దంచుతుంటే అందరికీ పండుగ గుర్తొస్తుందేమో, నాకు మాత్రం దోహా గుర్తొస్తుంది. మీరు ఫొటోల్లో చూసే వెస్ట్ బే అద్దాల మేడలు కాదు నేను చెప్పేది. తొంభైల్లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, గోడలు పెచ్చులూడుతూ, కప్పు దూలాలు బయటికి పొడుచుకొచ్చి, ఎండుచేపలూ సాంబ్రాణీ గోనెసంచులూ అన్నీ కలిసి ఒకే వాసనగా ముక్కుకు తగిలే పాత బజారు, సూక్ వాకిఫ్.

నాయన అక్కడ ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్. ఏళ్ల తరబడి క్యాంపులో ఉండి, ఎవరెవరినో బతిమాలి, చివరికి ఫ్యామిలీ వీసా సంపాదించి, రాయచోటి పక్క పల్లె నుంచి అమ్మనూ నన్నూ పిలిపించుకున్నాడు. అల్ దోహా అల్ జదీదా అనే పేటలో ఒకే ఒక్క గది. నాయన డ్యూటీకి, నేను బడికి పోతే అమ్మకు మిగిలేది ఏసీ రొద, కిటికీకి ఎదురుగా ఇంకొకరి గోడ. ఊళ్లో నలుగురిని పోగేసుకుని కడుపుబ్బ నవ్వించే మనిషి, రెండు నెలలకే ముభావంగా తయారైంది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ తేల్చి చెప్పేసింది.

"నేనీడ ఉండలేనబ్బా. టికెట్టు తీయి. పాపను పిల్చుకోని ఊరికి పోతా."

నాయన ముద్ద కలుపుకుంటూనే, "సరే, శనివారం కంపెనీలో అడుగుతాలే" అన్నాడు. పోయామంటే ఇక నాయనను రెండేళ్లకొకసారి చూడడమే.

ఆ శుక్రవారం సాయంత్రం, ఊళ్లో వాళ్లకు ఏమైనా కొందువుగాని రమ్మని నాయన మమ్మల్ని సూక్‌కు తీసుకెళ్లాడు. బస్తాల్లో నల్లగా ఎండిన నిమ్మకాయలు, గూళ్లలో గోల చేసే పిట్టలు, ముఖానికి ముసుగు వేసుకుని నేల మీద కూర్చుని, కాలే పెనం మీద ఉత్త చేత్తో పిండి రాసి పూతరేకులంత పల్చటి రొట్టెలు తీసే ముసలమ్మలు, ఎంత చూసినా తనివి తీరేది కాదు నాకు. అమ్మ దేనికీ తల తిప్పలేదు. రొట్టె కరకరా నములుతూనే నేను ఆమె ముఖం వంక చూస్తూ నడిచాను.

వెనక సందులోకి తిరగగానే డప్పులు వినబడ్డాయి. అమ్మ ఠక్కున ఆగిపోయింది. ఏదో పెళ్లివారి ఇల్లు. గుమ్మంలో ఉన్న ఒక పెద్దావిడ అమ్మ చీర చూసి, నన్ను చూసి, "తఫద్దలీ, తఫద్దలీ" అంటూ, రమ్మన్నట్టుగా అమ్మ చెయ్యి పట్టుకుంది. ఆడవాళ్లే ఉండే చోటు కాబట్టి నాయన బయటే ఆగాడు.

"పోండి, ఏం గాదులే. నేనీడే ఉంటా."

లోపల అబ్బో, ఏం సందడి! ఆడవాళ్లు వరుసగా కూర్చుని డప్పులు వాయిస్తూ పాడుతున్నారు, ముద్దలా ఉడికించిన గోధుమల మీద నెయ్యి మెరుస్తోంది. ఆ పెద్దావిడ అమ్మకు చిన్న పిడిలేని గిన్నెలో యాలకల కాఫీ పోసింది. చక్కెర లేదు, పాలు లేవు, చేదు. పెద్దవాళ్లు పోస్తే వద్దనకూడదు, మిగల్చకూడదు అని మా ఇంట్లో నేర్పిన మర్యాద. అమ్మ గటగటా తాగేసింది. ఆవిడ మళ్లీ పోసింది. అమ్మ మళ్లీ తాగింది. చాలనుకుంటే ఖాళీ గిన్నెను అటూ ఇటూ ఊపి ఇవ్వాలనీ, ఊపేదాకా పోస్తూనే ఉండడం వాళ్ల మర్యాద అనీ మాకేం తెలుసు? ఈమె ఆపదు, ఆవిడ ఆపదు. అమ్మ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లవి ముసిముసి నవ్వులు.

చివరికి ఆ పెద్దావిడే పకపకా నవ్వి, అమ్మ మణికట్టు పట్టుకుని గిన్నెను ఊపి చూపించింది. అమ్మకు అర్థమైంది. ఇక చూడాలి ఆ నవ్వు! ఆవిడ భుజం మీద తల వాల్చి, "సంపేసినావు గదమ్మా, కడుపంతా కాఫీనే" అని అచ్చ తెలుగులో మొత్తుకుంటూ నవ్వింది. ఆవిడ అరబ్బీలో ఏదో చెబుతూ వీపు నిమిరింది. కాసేపటికి అమ్మ కూడా డప్పులకు చప్పట్లతో తాళం వేస్తోంది.

బయటికి రాగానే నాయన కంగారుగా, "కండ్లు ఎర్రగుండాయి, ఎవరన్నా ఏమన్నా అన్న్యారా?" అన్నాడు.

"ఏం గాలే. టికెట్టు సంగతి అడగొద్దులే. వచ్చే శుక్రవారం మళ్లా ఈడికే పిల్చుకోని రా."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

పోయినేడు దోహా వెళ్లాను. సూక్‌ను పాత పద్ధతిలోనే చక్కగా మళ్లీ కట్టారు, కాదనను. ఎవరో వేదిక మీద సంగీతం వాయిస్తుంటే కుర్చీలో కూర్చుని, బిల్లు కట్టి కాఫీ తాగాను. ఆ సందు లేదు, ఆ ఇల్లు లేదు, దారిన పోయేవాళ్లను పెళ్లింట్లోకి లాక్కుపోయే గుమ్మాలు నాకెక్కడా కనబడలేదు. ఆవిడ పేరైనా మేము అడగలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి ఆ తల్లి. అమ్మ ఆ కాఫీ తాగిన మరుసటి ఏడు దోహాలోనే మా తమ్ముడు పుట్టాడు. నేను పుట్టిన ఏడాదిన్నరకు గాని నా ముఖం చూడలేకపోయిన నాయన, వాడి మొదటి ఏడుపు ఆసుపత్రి తలుపు బయట నిలబడి విన్నాడు.